పది రోజుల సర్టిఫికెట్టు

జిరాక్సు కొట్టాయన్ని ఆ వీధిలో అందరూ ఫారిన్ మాస్టారనే పిలిచేవారు. పాతికేళ్ల కిందట ఆయన విదేశంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి వచ్చాడు. ఆ సంగతి ఆయన చెప్పగా విన్నదే తప్ప చూసినవాళ్లు లేరు. సాయంత్రం నాలుగయ్యేసరికి మిషను మీద గుడ్డ కప్పేసి, పక్కనున్న టీ కొట్టు బెంచీ మీదికి చేరేవాడు.

ఆవేళ దర్జీ తన మేనకోడల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్ల చిన్నపిల్లల బళ్లో టీచరు. బయటిదేశం వెళ్లి ఇంగ్లీషు చెప్పాలని కోరిక. చేతిలో అందుకు కావలసిన కోర్సుల దరఖాస్తులు రెండున్నాయి. ఒకటి నెల్లాళ్ల శిక్షణ, దానికి ఉన్న ఉద్యోగం మానుకోవాలి. రెండోది ఇంట్లో కూర్చుని పది రోజుల్లో ముగించేది. ఏదైనా రేపటిలోగా పంపాలి.

"చేసొచ్చినవారు మీరే కదా మాస్టారూ, ఓ దారి చూపించండి," అన్నాడు దర్జీ.

మాస్టారు కాలు మీద కాలు వేసుకున్నాడు. "కోర్సుదేముందమ్మాయ్, మనలో సరుకుండాలి గానీ. నేను చేసింది పది రోజులదే. మొదటిరోజు క్లాసులో పన్నెండుమంది. గుడ్ మార్నింగ్ అన్నాను, అంతే, ఒక్కడు కన్నార్పితే ఒట్టు. మర్నాడు చూద్దును కదా, లోపల నలభైమంది, కిటికీలకి వేలాడుతూ ఇంకో నలభైమంది."

"కిటికీలకా?" అన్నాడు టీ కొట్టాయన.

"ఊచలు వంగిపోయాయంటే నమ్ము. ఇక లాభం లేదని నన్ను ఫుట్‌బాల్ మైదానానికి మార్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేవులో ఓడలు కదల్లేదు. కళాసీలందరూ నా దగ్గర వ్యాకరణం వల్లిస్తుంటే ఓడలెవడు నడుపుతాడు?"

"సరుకు కుళ్లిపోలేదూ?" అడిగాడు దర్జీ.

"కుళ్లితే కుళ్లింది, గ్రామరు బాగుపడిందా లేదా? ఓరోజు నా గదిలో దొంగ పడ్డాడు. చిల్లిగవ్వ ముట్టుకోలేదు. మాస్టారిల్లని తెలియక వచ్చాను, మన్నించండని ఇంగ్లీషులో చీటీ రాసిపెట్టి పోయాడు. దిద్దుదామని ఎర్రపెన్ను తీస్తే ఒక్క తప్పు దొరికితేనా? వీధికుక్కలు మొరిగేముందు ఎక్స్‌క్యూజ్ మీ అనేవి. ఇదంతా విని ఇంగ్లీషువాళ్లే విమానం మాట్లాడుకుని వచ్చారయ్యా, మా భాష మాకూ కాస్త చెప్పండని. సీట్లు లేవు పొమ్మన్నాను."

టీ కొట్టాయన పొట్ట పట్టుకున్నాడు. దర్జీ కళ్లు తుడుచుకున్నాడు. మేనకోడలు మాత్రం నవ్వలేదు. పెన్సిలుతో పది రోజుల కాగితం మీద టిక్కు పెట్టబోతోంది. పెట్టబోయి ఆగింది.

"మాస్టారూ, ఆ పది రోజుల్లో మీచేత ఎన్ని పాఠాలు చెప్పించారు? నిజమైన విద్యార్థుల ముందు నిలబెడతారా, వెనక ఎవరైనా కూర్చుని మన తప్పులు చూస్తారా అని కనుక్కోమంది మా హెడ్‌మిస్ట్రెస్."

మాస్టారికి జవాబు నోటిదాకా వచ్చింది. వందో, రెండొందలో అనేస్తే పోయేది. కానీ ఆ పిల్ల పెన్సిలు పట్టుకుని అంకె కోసం చూస్తోంది. ఏది చెబితే అది రాసుకునేలా ఉంది.

"ఒక్కటీ లేదు," అన్నాడు.

దర్జీ ఇదీ ఓ కోతేననుకుని నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నాడు.

"పుస్తకం పంపారు, చదివాను. బంగారు అక్షరాల సర్టిఫికెట్టు పోస్టులో వచ్చింది. నెల్లాళ్ల కోర్సు అప్పుడూ ఉంది తల్లీ. నాకంత ఓపికెక్కడిది? వెళ్లిపోయాను. పన్నెండుమందన్నది మటుకు నిజం. డ్రైవర్లు, కూలీలు, ఓ వంటావిడ. పొద్దుటి నుంచీ ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి వచ్చి కూర్చునేవారు. నేను పుస్తకం తెరిచి గంటసేపు చదివాను. మర్నాడు ఎనిమిదిమంది వచ్చారు. వారం తిరిగేసరికి వంటావిడ ఒక్కతే మిగిలింది."

"ఆవిడెందుకు మానలేదు?" అంది మేనకోడలు.

"ఒంట్లో బాగుండేది కాదు. డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో ఇంగ్లీషులో చెప్పుకోవాలి. పక్కటెముకల మీద చెయ్యి వేసి చూపించేది. ఆ మాట నాకు రాకపోలేదు. వచ్చిన మాటని ఇంకొకరి నోటికి ఎలా అందించాలో తెలియదు. గబగబా నాలుగు వాక్యాలు చెప్పేవాణ్ని. బిత్తరపోయి తల ఊపేది. పదిరోజులు చూసి ఆవిడా మానేసింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు. నేను తిరిగి వచ్చేశాను."

టీ కొట్టాయన చల్లారిన గ్లాసు తీసి, అడక్కుండానే వేరేది పోసి పెట్టాడు. మాస్టారు తాగలేదు.

మేనకోడలు బెంచీ మీదే నెల్లాళ్ల దరఖాస్తు నింపింది. మాస్టారు లేచి, గుడ్డ తీసి, మిషను వేడెక్కేదాకా నిలబడి నకలు తీసి ఇచ్చాడు.

కాగితాలు సంచిలో పెట్టుకుంటూ ఆ పిల్ల అడిగింది: "ఆవిడ పేరేంటి మాస్టారూ?"

"అడగలేదమ్మా," అన్నాడాయన. "మొదటి పాఠం అదేనట. నీ పేరేంటని అడగడం, నా పేరు ఇదని చెప్పడం. నాకది తర్వాతెప్పుడో తెలిసింది."