మేనత్త బర్రె, మిల్లు పెండ్లికొడుకు

“మిల్లు మామొస్తుండు వలలో
సన్నబియ్యం తెస్తుండు వలలో...”
ఆఁ, ఎనక ఏముండెనో యాదికొస్తలేదు బిడ్డా. నాట్లేసేటప్పుడు పాడేది.

ఏమడిగినవ్, తాతను పైసల కోసమే చేసుకున్ననా? అవ్, మొదలు గందుకే ఒప్పుకున్న. నవ్వకు. మాది గార్ల దిక్కు. మిరుపకాయ ఏరి ఏరి చేతులు మండి, అన్నం కలుపుకుంటే కండ్లెంబడి నీళ్లొచ్చేటియి. తొర్రూరుల మిల్లున్న పిల్లగాడంటే నా పాణం లేచొచ్చింది.

పాడి లేనింటికి వాళ్లెట్లొస్తరని, మా నాయిన, పక్కింట్లుండే మా మేనత్త బర్రెను తోలుకొచ్చి కొట్టంల కట్టేసిండు, మనదే అని చెప్పుమని. మంచి బర్రె, నల్లగ, ఏనుగసొంటిది. ఆ, ఏం చెప్తున్న... పిల్లను చూడనొచ్చిండ్రు. సంబంధం ఖాయమైతేనే అన్నం తింటరు, అప్పటిదాంక చాయే. పిల్లగాని తల్లి అన్నది గదా, “పిల్లా, జర పాలు పిండుకరా, నీ చేతి చాయ్ తాగుత.”

చెంబు పట్టుకొని పోయిన. బర్రె చేపదే! పొదుగు నిండ పాలున్నయి, చుక్క దిగదు. నాయిన బర్రెను తెచ్చిండు గని దుడ్డెను అక్కడ్నే ఇడిసిపెట్టిండు. దూడ మూతి తగలంది ఏ బర్రె చేపుతది చెప్పు? ఇంట్లకెల్లి “అయిందా పిల్లా?” అంటాంది ఆమె. నేను పొదుగు గుంజుతనే ఉన్న.

ఎనక నిలబడి ఎవలో అడిగిండ్రు, “దుడ్డె ఏది?”

చూస్తే పెండ్లికొడుకే!

“సచ్చిపోయింది.”

“మరి గిది ఆ పక్కింటి దిక్కే చూసి ఎందుకరుస్తాంది?”

ఏడుపొచ్చింది. “మా మేనత్తది. చెప్పకు, నీ కాళ్లు మొక్కుత. మా నాయిన ఇజ్జత్ పోతది.”

గాయిన నవ్విండు. “నేను మిల్లుల హమాలీని. గీ అంగి సేటుది.”

“థూ, మోసం జేస్తానవా?”

“నువ్వు జేస్తలేవా?”

గంతల్నే అందరు కొట్టంలకొచ్చిండ్రు. ఖాళీ చెంబు చూసి మా నాయిన మొఖం సున్నమైంది. పిల్లగాడు నోరు తెరిస్తే అయిపాయె. గాయిన నా దిక్కు చూసిండు, నాయిన దిక్కు చూసిండు.

“కొత్తోన్ని గద, నన్ను చూసి బర్రె బెదిరింది మామా,” అన్నడు. “ఇంకోటి. మిల్లు నాది గాదు. అండ్ల మూటలు మోస్త.”

వాళ్లమ్మ నెత్తి కొట్టుకున్నది. మా నాయినకు ఎక్కడ్లేని కోపమొచ్చింది. తన బర్రె సంగతి మర్సిపోయి, “నడువుండ్రి, మోసగాళ్లు!” అని ఎగిరిండు. పోనిస్తే మళ్ల మిరుపతోట. ఆపితే మూటలు మోసేటోడు. గని మా ఇజ్జత్ దాసి తన ఇజ్జత్ తీసుకున్నడు గద బిడ్డా, గసొంటోడు యాడ దొరుకుతడు?

వాళ్లోళ్లందరు వాకిలి దాటిండ్రు. గాయిన ఒక్కడు గడప కాడ ఆగిండు. నా దిక్కు చూసి మెల్లగ అన్నడు:

“పైసలున్నోడే గావాల్నంటే పోత. నాకైతే మస్తు ఆకలైతాంది. అన్నం పెడుతవా?”