ఫ్రిజ్ మెకానిక్ ఇంట్లో మబ్బు

ఫ్రిజ్ మెకానిక్ టీ కొట్టు బల్ల మీద కూర్చుని నోరు విప్పాడంటే, వినేవాళ్ల గ్లాసుల్లో టీ చల్లారిపోవాల్సిందే. ఆ సాయంత్రం ఎదురుగా ఆటో డ్రైవరూ, పక్క కొట్టు టైలరమ్మా ఉన్నారు.

"మొక్క పెంచడం పెద్ద విద్యేం కాదు. మా బావమరిది ఓడలో వంటపని చేస్తాడు కదా, దక్షిణ అమెరికా నుంచి ఓ ఆర్కిడ్ తెచ్చి వాళ్లక్క చేతిలో పెట్టాడు. మట్టి అక్కర్లేదు, చెక్కముక్కకి అతుక్కుని ఉంటుంది. ఆకు చిటికెనవేలంత, పువ్వు గోరంత. అక్కడి కొండల మీద ఎప్పుడూ మంచూ చల్లగాలీనట. మన ఎండకి బతకడం కష్టమని వాడే అనేసరికి మా ఆవిడ మొహం వాడిపోయింది. నేనున్నాగా అన్నాను."

"ఏం చేశావేంటి?" అన్నాడు ఆటో డ్రైవర్.

"పాత ఫ్రిజ్ ఒకటి తలుపు పీకి, లోపల చిన్న ఫ్యాను బిగించి, పొద్దున్నే వాననీళ్లు పిచికారీ కొట్టేవాణ్ణి. వేళ్లు తడవాలి, మళ్లీ ఆరాలి, అదీ కిటుకు. నెల తిరక్కుండా మొగ్గేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చలి చాలదని ఇంకో రెండు ఫ్రిజ్‌లు తగిలించాను. గదంతా మంచు కమ్మేసి, మా ఆవిడ నా దగ్గు విని నన్ను వెతుక్కునేది."

"మా కంట పడలేదే," అన్నాడు టీ కొట్టాయన.

"నువ్వు కొట్టు వదిలొస్తేగా. ఆ మంచు పైకప్పుకి చేరి మబ్బయింది. మబ్బయ్యాక ఊరుకుంటుందా, కురిసింది. వంటింట్లో ఎండ, పడగ్గదిలో వాన, కింద వాటావాళ్లు బిందెలు పట్టుకొచ్చారు. ఇక పువ్వా, గోరంతది అరచేయంతయింది, అరచేయంతది చాటంతయింది. దాని వాసనకి అక్కడి కొండల పిట్టొకటి, బొటనవేలంతది, సముద్రం దాటొచ్చి కిటికీ కొట్టింది. తేనె తాగి, అలిసిపోయి, ఫ్రిజ్ కింది అరలో ఓ కునుకు తీసి, అక్కా మొక్కా కులాసా అని మా బావమరిదికి కబురు కూడా పట్టుకెళ్లింది."

"పువ్వు ఇంకా ఉందా?" అన్నాడు ఆటో డ్రైవర్.

"మబ్బు విడిచాక మళ్లీ గోరంతకి దిగింది గానీ, వాడలేదు. పోయిన వానల్లో పూసింది, ఇవాళ్టికీ రేకు రాలలేదు. పొద్దున నీళ్లు కొట్టే వచ్చాను."

టైలరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఆ నీళ్లు కొట్టడం మానెయ్యి అన్నయ్యా. అది మఖమల్ గుడ్డ, రంగు దిగిపోతోంది. ఇంకోటి కుట్టమని వదిన నిన్ననే వచ్చింది."

ఎవరూ నవ్వలేదు. మరి మొక్కేమైందని అడిగాడు మెకానిక్.

"నీళ్లెక్కువై మొదట్లోనే కుళ్లిపోయింది. నువ్వు రోజూ దాని ముందు కూర్చుని మురిసిపోతుంటే ఆవిడకి చెప్పబుద్ధి కాలేదు. ఆకులూ నేనే కుట్టాను, ముందు మొగ్గ, తర్వాత పువ్వు."

మెకానిక్ లేచి చొక్కా దులుపుకున్నాడు.

"నాకు తెలిసిందని ఆవిడతో అనకమ్మా," అన్నాడు.