ఆదివారం పుట్టినవాడికి నీలం కారు

"ఒరేయ్ తవీ, ఇది నాలుగో వారం. నువ్వు కారు కొనడానికొస్తున్నావా, కార్లకి పెళ్ళిచూపులు చూడ్డానికొస్తున్నావా?"

"నాలుగోది కాదు, మూడోది."

"అబద్ధమెందుకురా, చెల్లెమ్మ పక్కనే ఉంది. చెప్పమ్మా వనిదా, ఎన్నోది?"

"నన్నడక్కన్నయ్యా. నేను లెక్కపెట్టడం మానేశాను."

కోరాట్ ఊరి చివర రేకుల పందిరి కింద హెంగ్ పాత కార్లు అమ్ముతాడు. అతనూ తవీ ఒకే బళ్ళో ఒకే బల్ల మీద చదువుకున్నారు. తవీ మూడు నెలల పైనుంచి స్టీరింగు ముట్టుకోలేదు గానీ, కార్ల గురించి మాట్లాడమంటే మాత్రం పొద్దు గూకేదాకా మాట్లాడతాడు.

"ఆ తెల్లదాని సంగతి మళ్ళీ ఓసారి చెప్పు."

"మళ్ళీనా! రెండు లీటర్ల ఇంజను. ఊళ్ళో అయితే లీటరుకి పది కిలోమీటర్లు, హైవే మీద పధ్నాలుగు. ఒక్కళ్ళ చేతిలోనే ఉంది. బడి పంతులమ్మ."

"పంతులమ్మ అయితే?"

"అరవై దాటించి ఎరగదు. ఆ ఇంజను ఇంకా నిద్ర కూడా లేవలేదు."

"డిక్కీలో బోల్టు కన్నాలున్నాయి. గ్యాస్ కిట్టు పెట్టి పీకేశారు."

"పీకేశారు. అయితే ఏంటి?"

"గ్యాస్ మీద నడిస్తే వాల్వులు తొందరగా అరుగుతాయి."

"పంతులమ్మ వాల్వులు అరగవురా. చాలా పద్ధతైన మనిషి."

"వేళాకోళం కాదు. ఆ బూడిద రంగుది చెప్పు."

"అది బ్యాటరీ, పెట్రోలు రెండిటి మీదా నడుస్తుంది. లీటరుకి ఇరవై. పెట్రోలు బంకువాడు నిన్ను మర్చిపోతాడు."

"బ్యాటరీ పోతే?"

"మారుస్తారు."

"ఎంతవుతుంది?"

"ఓ మంచి గేదె ఖరీదు."

"చూశావా. పైగా కార్పెట్ కింద వాసనొస్తోంది. వరదలో మునిగిన బండేమో."

"సీటు కింద పట్టాలు చూశావా? తుప్పుందా?"

"లేదు."

"బోల్టులకుందా?"

"లేదు. కానీ వాసనుంది."

"అది నా ఎండుచేపల వాసన. మధ్యాహ్నం అన్నం డబ్బా అందులోనే పెట్టుకుంటా, చల్లగా ఉంటుందని."

"అన్నయ్యా, ఆ నీలందానికి సీటు పైకి లేస్తుందా?"

"లేస్తుందమ్మా. పక్కన మీట ఉంది, ఎత్తితే లేస్తుంది."

"పైకెందుకు? నా కాళ్ళు పొడుగేగా."

"ఊరికే అడిగానండీ."

"నీలం సంగతి నేనసలు ఎత్తలేదు. తెల్లదీ బూడిదదీ తేలనీ ముందు."

"తేలవండీ. పోయినవారమూ తేల్లేదు. ఎల్లుండి మా అమ్మ పోయిన నూరో రోజు."

"తెలుసు."

"తెలుసని తెలుసు. అందుకే చెప్తున్నా."

"ఉండండి, నేను కాఫీ చెప్పొస్తాను. వీడికి పంచదార లేకుండా, నీకు ఐసు ఎక్కువేసి. అంతేగా?"

"ఇప్పుడు కాఫీ ఎందుకురా?"

"నాకు తాగాలనుంది. నా షాపు, నా ఇష్టం."

హెంగ్ వెళ్ళాడు. అటూ ఇటూ మూడు కార్లు, మధ్యలో మొగుడూ పెళ్ళాం. తవీ తెల్లకారు టైరు మీద వేలితో గీస్తూ నిలబడ్డాడు.

"తొమ్మిదిమంది భిక్షువులు వస్తున్నారు. పదకొండు లోపల వడ్డించేయాలి. నాన్న ఒక్కడూ ఆ ఇంట్లో ఏం అందుకుంటాడు, ఏం చేస్తాడు?"

"వ్యాన్లో వెళ్ళు. పొద్దున్న ఆరింటికి ఉంది, నేరుగా మీ ఊరు పాక్‌చోంగ్‌లో దింపుతాడు."

"వ్యాన్లో వెళ్తే నేనొక్కదాన్నే వెళ్తాను. ఏడో రోజుకీ అలాగే వెళ్ళాను, యాభయ్యో రోజుకీ అలాగే వెళ్ళాను. మీకు ఒకసారి జ్వరం, ఒకసారి పని."

"నిజంగానే జ్వరం."

"సరే. ఎల్లుండి ఏం వస్తుందో ఇప్పుడే చెప్పండి. వాళ్ళూ వీళ్ళూ అడుగుతారు, అల్లుడేడీ అని. నాన్న ఏదో ఒకటి చెప్తాడు. నూరో రోజుకి కూడా నాన్నచేత అబద్ధం చెప్పించలేనండీ. ఇంతే నాక్కావలసింది. ఎల్లుండి మీరు నాతో రావాలి."

"వచ్చి ఆయన మొహం ఎలా చూడను? పక్క సీట్లో ఆవిడ. స్టీరింగు ముందు నేను. ఆవిడ పోయింది, నాకు గీతైనా పడలేదు."

"ఆ రాత్రి మీ ముందున్న చెరకు లారీకి వెనక దీపం లేదు."

"దీపం లేదని వెళ్ళి మీ నాన్నకి చెప్పమంటావా?"

"ఆయనకి తెలుసు. పోలీసులు చెప్పారు."

"పోలీసులు చెప్పడం వేరు."

"మరి అమ్మని తీసుకురమ్మని మిమ్మల్ని పంపిందెవరు? నాకు ఆవిడ చేతి చేపల పులుసు తినాలనిపించింది. అంతే కారణం. ఆ మాట నన్నెవరూ అడగరు."

"ఆపు వనిదా."

"ఆపాను. మీకు ఏడుపొస్తుందా?"

"రాదు."

"నాకూ రావట్లేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. చెయ్యి కాల్చుకున్నా తర్వాత చూసుకుంటే గానీ తెలీటం లేదు."

"నాకు లీటరుకి ఎంతిస్తుందో అదొక్కటే బుర్రకెక్కుతోంది. ఇంకెవరేం చెప్పినా ఎక్కడం లేదు. పొద్దున్న లేస్తూనే అదే. పది, పధ్నాలుగు, ఇరవై."

"నాన్న నిన్న ఫోన్లో ఏమన్నాడో చెప్పనా?"

"వద్దు."

"చెప్తాను. తవీ అన్నం తింటున్నాడా అన్నాడు. తింటున్నాడన్నాను."

"ఇంకేమన్నాడు?"

"అంతే. పెట్టేశాడు."

"అంతేనా?"

"అంతేనండీ."

"ఆ నీలందాని ఇంజన్లో ఉండేది బెల్టా, గొలుసా?"

"నన్నడిగితే? అదుగో అన్నయ్య వస్తున్నాడు, ఆయన్నడగండి."

హెంగ్ ప్లాస్టిక్ సంచుల్లో పోసిన మూడు కాఫీలూ ఒకే చేత్తో వేలాడేసుకుని వచ్చాడు. వాళ్ళ మొహాలు చూడనట్టే చూశాడు.

"ఏంట్రా, నీలం దగ్గరికొచ్చారు? శుభం. గొలుసే. బెల్టు కాదు. ఇంజను చచ్చేదాకా మార్చక్కర్లేదు... అంటే, ముసలయ్యేదాకా."

"దారిలో ఆగిపోయే రకమా?"

"ఈ ఇంజనుతో టాక్సీవాళ్ళు లోకమంతా చుట్టొచ్చేంత దూరం తిప్పుతున్నారు. ఆయిలు మారుస్తూ ఉంటే చాలు, ఇంకేం అడగదు."

"లీటరుకి?"

"పదమూడు, పదహారు. తెల్లదానికన్నా మేలు, బూడిదదానికన్నా తక్కువ. మారిస్తే గేదె ఖరీదయ్యే వస్తువు ఇందులో ఒక్కటీ లేదు. అమ్ముకున్నా ధర నిలబడుతుంది. మూడింట్లో నేను కొనుక్కుంటే ఇదే కొనుక్కుంటా."

"బ్రేకులు?"

"కొత్తవి."

"ఎప్పుడేశావు?"

"పోయినవారం."

"ఎందుకు? పాతవి అరిగాయా?"

"నీకోసమేశానురా. నువ్వడుగుతావని తెలిసే వేశాను. చాలా? కాఫీ తాగు, ఐసు కరిగిపోతోంది."

"వెనక బంపరు మీద ఈ గీతేంటి? పోయినవారం లేదు."

"స్తంభానికి రాసుకుంది."

"ఎవరు నడిపితే?"

"ఊరికే నిలబెడితే బ్యాటరీ పడుకుంటుందని రోజూ మధ్యాహ్నం ఓ చుట్టు తిప్పుతున్నాంలే."

"అదే, ఎవరు?"

"ఎవరో ఒకళ్ళు. నీకు బంపరు కావాలా, మనుషుల లెక్క కావాలా?"

"బొత్తిగా చేతకానివాళ్ళెవరో. ఇంత వెడల్పు దారిలో స్తంభాన్ని గుద్దారు."

"గుద్దలేదండీ, రాసుకుంది. పాలిష్ పెడితే పోతుంది."

"నీకేం తెలుసు?"

"తెలీదు. ఊరికే అన్నాను."

"రోజూ మధ్యాహ్నం సంతకని పోతావు. కూరలు మాత్రం ఒక్కరోజూ కనపడవు. ఇప్పుడు పాలిష్ సంగతులు కూడా చెప్తున్నావు."

"సంతలో అన్నీ తెలుస్తాయి. కాఫీ తాగండి."

"సరేరా తవీ, ఇంజను నచ్చింది. బ్రేకులు నచ్చాయి. ధర పోయినవారమే నచ్చింది. గీత నేను పాలిష్ పెట్టిస్తా. ఇంకేముంది? చెయ్యి కలుపు."

"నీలం నాకు పడదు."

"అనుకున్నా."

"నేను ఆదివారం పుట్టాను. ఆదివారం పుట్టినవాడికి నీలం చేటు. నీకు తెలీదా?"

"తెలీకపోవడమేంటి, నా వ్యాపారమే అది. ఆదివారంవాళ్ళకి నీలం చేటు, శుక్రవారంవాళ్ళకి అదే నీలం బంగారం. రోజుకో రంగు, రంగుకో గోల. స్టిక్కర్లున్నది అందుకే కదరా! ఇదిగో, సొరుగు నిండా ఉన్నాయి. 'ఈ కారు రంగు ఎరుపు.' వెనక అద్దానికి అంటిస్తే సరి, గ్రహాలు కూడా ఎరుపే అనుకుంటాయి. ఊళ్ళో సగం కార్లు అలాగే తిరుగుతున్నాయి."

"పాతదానికీ అదే అంటించాం. అదీ నీలమే, మర్చిపోయావా? నీ దగ్గర కొన్నదే. స్టిక్కరు అత్తయ్య అంటించింది, తన చేత్తో. సంతలో కొనుక్కొచ్చింది. బుడగ మిగలకూడదని నాణెం పెట్టి ఓ గంట రుద్దింది. నేను ఇంకచాలు రండి అంటే వినదే. అల్లుడు తిరిగే బండి, వంకరగా ఉండకూడదంది."

"తవీ, ఇప్పుడవన్నీ ఎందుకురా?"

"తుక్కుకొట్టుకి వెళ్ళి చూశాను, ఇన్సూరెన్సువాళ్ళు రమ్మంటే. ముందు సగం లేదు. వెనక అద్దం అలాగే ఉంది. స్టిక్కరుకి ఒక్క మూల కూడా లేవలేదు. 'ఈ కారు రంగు ఎరుపు.' నేను నిలబడి చదువుకున్నా. మళ్ళీ చదువుకున్నా."

"మీరు ఇది నాకు చెప్పలేదు."

"ఎవరికీ చెప్పలేదు."

"కూర్చోరా. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చో."

"హెంగ్, నేను నడపలేనురా. ఇన్ని వారాలూ నీ కార్లకి వంకలు పెట్టింది ఈ ఒక్క మాట చెప్పలేకే. లీటరుకి ఇరవై ఇచ్చినా అంతే, నూరిచ్చినా అంతే. తాళం చేతిలో పెడితే చెయ్యి ముడుచుకోదు. నేను నడపలేను."

"తెలుసురా."

"తెలిసీ బ్రేకులెందుకేయించావు?"

"ఎవరు నడిపినా బ్రేకులు కావాలి కదరా."

"మిమ్మల్నెవరు నడపమన్నారండీ?"

"ఇప్పుడేగా అన్నావు, ఎల్లుండి రావాలని."

"రమ్మన్నాను. నడపమనలేదు."

"మరి హెంగ్ నడుపుతాడా?"

"నాకు షాపుంది బాబూ."

"అన్నయ్యా, నీలందాని తాళాలిలా ఇవ్వు."

"ఇదిగోమ్మా. స్టిక్కరు అంటించనా మరి? వీడు ఏదో ఒకటి తేల్చి చావడు."

"ఆగు హెంగ్. వనిదా, నేను అడిగేది విను. నడిపేదెవరు?"

"స్తంభానికి రాసిన చేతకానివాళ్ళెవరని అడిగారుగా ఇందాక?"

"అడిగాను. ఎవరు?"

"స్టిక్కరు సొరుగులో పెట్టెయ్యన్నయ్యా. నేను పుట్టింది శుక్రవారం."