పౌడరు పూయని ఫోటో

"అమ్మమ్మా, మిగతా ఫోటోలల్ల ముత్తవ్వ తెల్లగ ఉన్నది. ఈ ఒక్కదాంట్లనే ఇంత నల్లగ ఉన్నదేంది?"

ఏందంటె ఏం జెప్పాలె బిడ్డా, మా అమ్మ రంగే గది. ఆ తెల్లగున్నవి నా చేతి పని. అవ్, నాదే. నవ్వకు.

మన సామేలు తాత, మా తమ్ముడు, దమ్మపేటల స్టూడియో పెట్టిన కొత్తల మీ తాత కాలం జేస్తె నేను పుట్టింటికి వచ్చి ఉంటి. మీ అమ్మ ఇంత పిల్ల. వాడు ఫోటో తీస్తడు, నేను ముందు గదిల కూసోని వచ్చినోళ్ళకు పౌడరు పూస్త. గదే నా ఉద్యోగం. అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. మొగోళ్ళకు గూడ నేనే పూసేది, సిగ్గుపడేటోళ్ళు పాపం. అది చాలకపోతే సామేలు నెగెటివ్ మీద పెన్సిలు రుద్దుతడు. నెగెటివ్ మీద ఎక్కడ నలుపు పెడితే కార్డు మీద అక్కడ తెలుపు వస్తది, తెలుసు గద... నీకు తెల్వదులే, మీవన్ని రంగు ఫోటోలు. అప్పుడు కార్డు సైజు రెండు రూపాయలో, రెండున్నరో. మా ఆడబిడ్డ పెండ్లికి తీసినప్పుడైతె... సరే, ఆ ముచ్చట వద్దు.

ఇగ సత్తుపల్లిల ఎవరో ఏజెంటు మాట్లాడితే వాడు మస్కట్ పోయిండు. అక్కడ గూడ స్టూడియో పనే. ఓనరు ఆఫ్రికా దిక్కు నుంచి వచ్చిన పెద్దాయన. పోయిన కొత్తల ఒక సూడాను మనిషి ఫోటోకు వచ్చిండంట. మనకంటె నలుపు, నిగనిగలాడతడంట. మనోడు మంచి పని జేస్తున్న అనుకోని, ఇక్కడ చేసినట్టే మొఖమంత పెన్సిలు రుద్ది, తెల్లగ జేసి చేతిల పెట్టిండు. ఆ మనిషి అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇది నాది కాదు, నాది ఇయ్యుమని కార్డు బల్ల మీద పెట్టి కూసున్నడంట. కోపం గాదు. నిజంగనే వేరేటోళ్ళది ఇచ్చిన్రనుకున్నడు.

ఓనరు తిట్టలే. సామేలునే స్టూలు మీద కూసోబెట్టి, ఎదురుగున్న లైట్లన్ని బంద్ జేసి, పక్కకు ఒక్క లైటు పెట్టి, రెండో దిక్కు తెల్ల దుప్పటి కట్టి తీసిండు. ఆ కార్డును మనోడు వాకిట్ల ఎలుగుకు తీస్కపోయి మల్ల మల్ల చూసుకున్నడంట. ఊరోళ్ళ ఫోటోలన్ని తీసిండు గాని, తన మొఖం ఎట్లుంటదో వానికి అప్పుడే తెలిసింది.

నాలుగైదేండ్లకు తిరిగొచ్చిండు. గల్ఫ్ నుంచి వచ్చేటోళ్ళంత టేప్ రికార్డరు, సెంటు సీసాలు తెస్తరు, వీడు గీ పిచ్చి తెచ్చిండని మా మరదలు నెత్తి కొట్టుకునేది. స్టూడియో మల్ల తెరిచిన రోజే నా పౌడరు డబ్బా తీసి అటక మీద పెట్టిండు. నాకు ఒళ్ళు మండింది. నేనేం జెయ్యాలెరా అంటె, లైటు పట్టుకో అన్నడు. పట్టుకున్న, ఏం జేస్త మరి.

గిరాకీ పోయింది. ఒక బడిపంతులు పాసుపోర్టు ఫోటో చూసుకోని, నేనేమన్న కొత్తగూడెం బొగ్గుబాయిల నుంచి లేచి వచ్చిన్నా అని కార్డులు విసిరికొట్టి, ఎదురు స్టూడియోకు పోయిండు. ఆయన ఎనక ఊరంత పోయింది. కిరాయి ఆగిపోయింది. దుకాణం ఖాళీ చెయ్యిమని ఇంటాయన రోజు వచ్చి నిలబడేది. నేనే అడిగిన, మస్కట్‌ల నేర్చింది మస్కట్‌లనే వదిలి రాకపోతివారా అని. వాడు ఏమన్నడంటె, "అక్కా, అక్కడ వంద తీర్ల మొఖాలు చూసిన. అన్నిటికి ఒక్కటే పౌడరు ఎట్ల పూస్తం?"

మరి పిల్లలకు ఏం పెడతవని గట్టిగనే అడిగిన. ఇంకో నెల చూసి స్టూడియో ఎత్తేద్దమనుకున్నం. గట్ల గిరాకీ లేక ఊకె కూసున్న రోజు అమ్మను కిటికి పక్కన కూసోబెట్టి ఈ ఫోటో తీసిండు. ఆ ఎండాకాలమే అమ్మ పోయింది.

జ్ఞాపకార్థ కూడికకు మా చిన్నాయన పట్టుబట్టి తెల్ల ఫోటోనే ఫ్రేము కట్టించి గోడకు పెట్టిండు. పదిమంది వస్తరు, సక్కగ కనపడాలె గద అన్నడు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టే యాళ్ళకు టేకులపల్లి అడివి దిక్కు నుంచి సమ్మక్క వచ్చింది. కోయామె. అమ్మ తునికాకు కోతకు పోతే ఆమె ఇంట్లనే ఉండేది, ఇద్దరికి ఒక్కటే కంచం. మా ఇంటికి మాత్రం ఎన్నడు రాలే, అదే మొదలు. గడపల నిలబడి ఆ ఫోటో దిక్కు చూసింది. చూసి, ఎనక్కి తిరిగి చెప్పులు తొడుక్కుంటుంది. నేను ఉరికిపోయి, ఏందమ్మా పోతున్నవంటె, ఇల్లు తప్పి వచ్చిన బిడ్డా, ఈడ ఇంకెవరో పోయినట్టున్నరు అన్నది.

మా తమ్ముడు లోపలికి పోయి ఈ ఫోటో తెచ్చి ఆమె చేతిల పెట్టిండు. ఆమె ఆ గడపలనే కూలబడ్డది. ఫోటోల అమ్మ చెంప మీద చెయ్యి పెట్టి, "ఈడున్నవా" అన్నది. అంతే అన్నది. ఇగ అందరం ఏడ్సుడే. చిన్నాయన లేచి గోడ మీది ఫోటో తానే దించిండు.

ఊరు మారిందని చెప్పను. ఎదురు స్టూడియో ఇప్పటికీ మంచిగనే నడుస్తది. కాని ఆ కూడికకు వచ్చినోళ్ళు ఒక్కొక్కరే వాళ్ళ ముసలోళ్ళను తోలుకోని వచ్చిన్రు, మా నాయనను గూడ గిట్లనే తియ్యుమని. కిరాయికి ఎల్లింది. మీ అమ్మ సదువుకు ఎల్లింది.

నువ్వు సదువుకు సింగపూర్ పోతనంటె మీ అమ్మ మొత్తుకుంటుంది, బొమ్మలు గీసుడు ఈడ రాదా అని. ఎందుకు రాదు, వస్తది. కాని నువ్వు గీసే ఆడోళ్ళంత ఒక్క తీరే ఉన్నరు బిడ్డా. కోపం తెచ్చుకోకు. పో, నాలుగు దేశాలోళ్ళ మొఖాలు చూసి రా. దేవుడు నిన్ను సల్లగ చూడాలె. వచ్చినంక నా బొమ్మ గియ్యి, ఆ కిటికి పక్కన కూసుంట. పౌడరు పూసుకోను. కొద్దిగ నుదుటి మీద... వద్దులే, పూసుకోను.