మడవ చేప ముక్కు

వాకాడు దగ్గర ఉప్పుకాలువలో చిన్నపోలయ్య పడవ ఒక్కటే మిగిలింది. చేపల మీద పరిశోధన ముగించుకున్న ఆనందకుమారి, వెళ్లిపోయే ముందు అతనికి ఫలితం చెప్పడానికి వచ్చింది.

"మా మడవల ముక్కులో ఏం కనబడింది మేడమ్?"

"చేప ముక్కులో ఎంజైములని ఉంటాయన్నా. రొయ్యల గుంటల మందులూ, బోట్ల ఆయిలూ నీళ్లలో కలిస్తే, ముక్కులోకి వచ్చినవాటిని ఈ ఎంజైములు అక్కడే విరిచేస్తాయి. మీ చేపల్లో అవి మామూలుకంటే ఎక్కువ పనిచేస్తున్నాయి."

"మంచిదే గదా?"

"అన్నిసార్లూ కాదు. కొన్ని మందులు విరిగాక ఇంకా విషమవుతాయి. దాంతో ముక్కు లోపలి పొర పాడై, వాసన తెలియడం లేదు."

"వాసన తెలీకుంటే మేత ఎట్టా? దోవ ఎట్టా?"

"అందుకే చేపలు ఇటు రావడం తగ్గిందేమో. అది ఇంకా తేలలేదన్నా."

"మా తమ్ముళ్లూ రావడం మానేసినారు మేడమ్. అందరూ చేపలపనికి చెన్నై బోట్లెక్కినారు. నన్నూ రమ్మని పొద్దున ఫోన్ చేసినారు."

"వెళ్తారా?"

"ఈడ మాట్లాడేదానికి మనిషే లేడు. మీరూ పోతుండారు."

అతను పడవలో వల సర్దుతూ అడిగాడు.

"ఆ పొర మళ్లా బాగవుతాదా?"

"నీళ్లు బాగుపడితే కొత్త పొర పుడుతుంది. కానీ నీళ్లు ఎప్పటికి బాగుపడతాయో నేను చెప్పలేను."

చిన్నపోలయ్య ఫోన్ తీసి తమ్ముడికి కలిపాడు.

"ఒరేయ్ పెంచల్, నాకోసం చూడబాకండి. చేప తిరిగొచ్చేతలికి ఈడ వలేసేవాడు ఒకడన్నా ఉండాల."

అవతల ఫోన్ పెట్టేశాక కూడా అతను తన ఫోన్‌ని చాలాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాడు.