లోపలి పొర

పుస్తకాలు కుట్టే బైండర్ బల్ల మీద ఆమె కాగితపు కవచాన్ని పెట్టింది. ఆయన బొటనవేలితో నొక్కితే అట్ట లోపలికి పోయింది.

“నాలుగుసార్లు వార్నిష్ పూశాను బాబాయ్. అయినా రిహార్సల్లో మెత్తబడిపోయింది.”

“పైనే పూశావు. మీ నాన్నకి చెమట బయటినుంచి పడుతుందా?”

ఆమె నాలుక కరుచుకుంది. “ఎల్లుండే నాటకం, నాన్నది రాజు వేషం. ఇది లాభం లేదు, రేకు కవచమే వేసుకుంటానని పట్టుబట్టారు. గుండె ఆపరేషనయ్యాక బరువులు మోయొద్దన్నారు కదా డాక్టర్లు.”

“రాజుగారి మొండితనం వేషంతో వచ్చింది కాదులే. లోపలివైపు పల్చటి గుడ్డ జిగురుతో అంటించు. అట్టలు ఊడకుండా మేమూ అదే వేస్తాం. ఆరాక దానిమీద వార్నిష్ పూయి. నా దగ్గర గుడ్డ అయిపోయింది. కట్లు కట్టే గాజుగుడ్డయినా సరే.”

“అది ఇంట్లో నాలుగు చుట్టలుంది. నాన్న కుట్లకని తెచ్చింది.”

“మళ్లీ కావాల్సొస్తుందేమో చూసుకో.”

“రాదు బాబాయ్. గాయం పూర్తిగా మానింది, ఇక కట్టక్కర్లేదన్నారు. అవి మిగిలిపోయినందుకే రోజూ దణ్ణం పెట్టుకుంటున్నా.”

బైండర్ తన జిగురు డబ్బాను ఆమె వైపు జరిపాడు.

“అయితే నాలుగూ వాడెయ్యమ్మా. ఒక్కటీ దాచకు.”