గిడ్డమ్మ కట్టిన వేషం

హలో… ఆ, నేనే. పెద్ద ఈరన్ననే… గని కాడ్నుంచే… ఎవురు? గౌస్ పీరా?

అరవద్దు. ఇనపడతాది.

… బాగనే ఉండా.

కడపలో యాడ్నుంచి?… పోస్టాఫీసా. సరే, చెప్పు. ఈ మిషను పెట్టించింది బండల బేరానికి, ముచ్చట్లకు కాదు.

… ఊ. నాటకం అయిపోతానే పెట్టెలు సర్దుకొని రైలెక్కితిరి గదా. నాకొక మాట చెప్పకుండానే… నిద్ర చెడగొట్టద్దనా. మంచిది.

ఒంటిమిట్ట తిరనాళ్లకు పిలిచినారా… ఆడండి మరి… పరదాలు చినిగిపోయినాయి. ఊ… బియ్యం నిండుకొనె. ఊ… పిల్లా జెల్లా అందరూ పస్తేనా?

ఇయ్యనని ఎవురన్నారప్పా? కుందేరు పొంగిన ఏడు మీ పెట్టెలు నాని, హార్మోనియంలో బురద బోయి, బేతంచెర్ల స్టేషన్ కాడ కుక్కల మాదిరి ముడుక్కొని ఉంటిరే… ఆ పొద్దు ఇయ్యల్యా? షెడ్డు ఇస్తి. జొన్నలిస్తి. కొత్త హార్మోనియం మద్రాసు నుంచి తెప్పిస్తి.

… పొగడద్దు. నాకు పద్యమంటే ఇష్టం. నువ్వు సీత వేషం కట్టి ఏడుస్తాంటే నేను గూడా కండ్లు తుడుచుకొన్నోన్నే. ఎవురికీ చెప్పల్యా, అంతే.

… బడి సంగతా. ఆ, నువ్వే అడిగితివి. అన్నాల పొద్దులో గని కూలోళ్లకు పద్యం నేర్పిస్తా, నోటికొచ్చినాక ఆ పద్యంలోని అక్షరాలు దిద్దిస్తా అంటివి. నేర్పియ్యమంటి. మూడేండ్లు బడికి పోయినోన్ని, దాని రుచి నాకు తెలుసు అంటి. అన్నానా లేదా?… అన్నాను గదా. సరే.

… మైదుకూరు తట్టు గూడా ఒక బడి పెడతానంటావా. ఇంగా రెండు గనుల్లో. అన్నిటికీ నేనే దాతనంటావు.

శానా దూరం పోతాండావు. ఆగు. ఒకటి అడుగుతా.

మొన్న నా కూలోళ్ల చేత నాటకం ఆడిస్తివి గదా. ఆ హాస్యగాని వేషం గిడ్డమ్మకు ఎవురిచ్చినారు?

… నువ్వే.

… ఆ. బాగనే చేసింది. బాగాలేదని ఎవురన్నారు?

… తెలుసప్పా, తెలుసు. హాస్యగాడు దాత మీద ఒక ఎగతాళి వెయ్యల్ల, దాత నవ్వల్ల, లేసి శాలువ కప్పల్ల. మీ నాటక సమాజంలో అది ఆచారం. నీ ఏసన్న ఆ వేషం కట్టి నా మీసాల మీద ఎన్ని ఏసినాడు! నా బట్టతల మీద ఎన్ని ఏసినాడు! కడుపు పట్టుకొని నవ్వితి.

ఏసన్న బయటోడు గౌస్ పీరూ. ఎగతాళి చేస్తాడు, పెట్టె సర్దుకొని ఇంగో ఊరికి పోతాడు. గిడ్డమ్మ పొద్దున లేస్తే నా గనిలో ఉలి పట్టుకోవల్ల. ఆ తేడా నీకు తెల్దా? ఇన్నేండ్లు నాటకాలాడినోనివి.

… నవ్వితి గదా అంటావు. నవ్వితి. శాలువ కప్పితి గదా అంటావు. కప్పితి. నా మొగం సూసినావా కప్పేటప్పుడు?… సూసింటే రైలెక్కకుండా ఆగుంటివి.

ఏం చేసింది? ఏం చేసిందని నన్నడుగుతావా, నేర్పిచ్చినోనివి!… నేర్పియ్యల్యా? ఆమే కల్పించుకొనిందా. ఇంగా మేలు.

నా పంచె మాదిరి పంచె కట్టె. సుత్తి పట్టుకొని వచ్చె. నేను దినామూ బండను సుత్తితో కొట్టి, చెవి ఆనిచ్చి ఇంటా గదా, మోగితే మంచి బండ, మోగకుంటే చీలిక, చీలికకు కూలి లేదు… అదే మాదిరి రాజు తలకాయ మీద కొట్టె. చెవి ఆనిచ్చె. “మోగల్యా, చీలింది, కూలి లేదు” అనె. మంత్రి తలకాయ మీద కొట్టె. “ఇదీ చీలింది.” అంతటితో ఆగిందా? పక్కకు తిరిగి, “ఒరేయ్, ఆ చీలిన తలకాయలు బండికెత్తండి, మంచి ధరకు అమ్మల్ల” అనె.

వన్సు మోరు అని అరిస్తిరి గదా అందరూ. మళ్లా చేసె. మళ్లా అరిస్తిరి. నా గనిలో నా ఎదురుగా తలకాయ ఎత్తనోళ్లు, పండ్లన్నీ బయటబెట్టి నవ్విరి.

… ఎగతాళికేముంది, అబద్ధమే గదా అంటావా?

అబద్ధమైతే నేను గూడా నవ్వుతుంటి గదప్పా.

… ఎవురు? ఏ, నువ్వు కాదు, మధ్యలో ట్రంకు కాల్ కలిపే ఆయప్ప… ఆ సామీ, ఇంగా మాట్లాడతాం. తీయద్దు… ఆ. ఉండావా?

కోపం లేదు నాకు. కోపమొచ్చినోడు తిడతాడు, కొడతాడు. నేను ఎవురినీ ఒగ మాట అనల్యా. తెల్లారినాక ఒగ పని చేయిస్తి, అంతే.

… చెప్తా. ఇను.

పలకలు లేవని బండ ముక్కల మీద ఉలితో అక్షరాలు చెక్కిస్తివి గదా వాళ్ల చేత. షెడ్డు గోడకు ఆనిచ్చి ఉండె అవి. నాటకమైన మర్నాడు పొద్దునే తెప్పిస్తి. కూలి ఇచ్చే కిటికీ ముందర పరిపిస్తి. అక్షరాలు పైకి.

… వాళ్ల చేతనే పరిపిస్తి. ఏంటికని వాళ్లూ అడిగిరి. నేల గతుకులుగా ఉండాదంటి.

కిటికీకి ఇంగో దారి లేదు గదా. ఒగ తట్టు గోడ, ఒగ తట్టు గుంత. కూలి కావల్లంటే ఆ బండల మీదనే రావల్ల. రండి అంటి.

… లేదు. ఒగరు గూడా కదలల్యా. అక్షరం మీద కాలు పడితే కండ్లు పోతాయని నువ్వే గదా చెప్పింది, దినామూ, పాఠానికి ముందర. బాగా ఎక్కింది వాళ్లకు. ఎండలో నిలబడిరి. కూలోడు బసవన్న గుంతలోంచి దూకి రాబోయి మోకాలు పగలగొట్టుకొనె. నేను కిటికీ లోపల కూచోని సంగటి తింటాంటి.

మొదట ఉరుకుందమ్మ తొక్కె. సంకలో బిడ్డ ఏడుస్తాండె గదా. వంగి బండను తాకి కండ్లకద్దుకొని, తొక్కె. ఆమె వెనకాల అందరూ అంతే. వంగేది, అద్దుకొనేది, తొక్కేది. అదీ ఒగ నాటకమే. పద్యాలు లేవు, అంతే.

… గిడ్డమ్మనా. అడుగుతావని తెలుసు.

ఆమె బండ సరిగ్గా కిటికీ కింద ఏయిస్తి. చెయ్యి చాపల్లంటే కాలు ఆడ్నే పడల్ల. దాని మీద ఏం చెక్కిందో నీకు తెలుసు గదా… ఆ. ఆమె కూతురు అమ్మవారు పోసి పోయింది గదా, ఆ పిల్ల పేరు. వత్తులు, దీర్ఘాలు, ఒగ తప్పు లేదు. నేను సదివినా. నా మూడేండ్ల సదువు అంతమటుకు వస్తాది.

… తొక్కింది.

… తొక్కిందప్పా, అబద్ధం చెప్పి నాకేం రావల్ల? అందరి కంటే ఆఖరున వచ్చె. వంగల్యా, అద్దుకోల్యా. ఏడవల్యా. నా మొగం సూడల్యా. రెండు కాళ్లూ పెట్టి నిలబడె, కూలి తీసుకొనె, పాయె. మళ్లా దినం గూడా వచ్చె. యాడికి పోతాది?

… తిట్టు. ఇంటాండా.

… ఇంగా ఏమన్నా ఉండాదా? అయిపాయనా?

ఇప్పుడు నీ పని. కొత్త పరదాలు కుట్టిస్తా. బియ్యం మూటలు సిద్ధంగా ఉండాయి. ఒంటిమిట్టకు బండ్లు కట్టిస్తా. నాటకాలు ఎన్ని కావల్లంటే అన్ని ఆడుకో. బడి లేదు. ఈడా లేదు, మైదుకూరులోనూ లేదు.

… ఎవురినీ పంపద్దు. వేరేవోనికి ఇయ్యను. నువ్వే రావల్ల. బియ్యం చీటీ కిటికీలోంచి నీ చేతికే ఇస్తా.

… ఆ. ఆ దారే, ఆ అక్షరాల మీదనే. ఇంగో దారి లేదని చెప్తి గదా.

… తెలుసు. మీ సాయిబుల్లో గూడా అక్షరానికి కాలు తగలనీరు. తెలిసే చెప్తాండా.

…

నీ పక్కన మాట్లాడేది ఎవురు?… షంషాద్ బీ గదా. మీ ఇంటామె ఏమంటాది?… చెప్పు, ఏమంటాది?… పిల్లలు రెండు దినాల నుంచి అంబలి తాగుతాండారు, పొమ్మంటాదా. బుద్ధిమంతురాలు.

వస్తావా?… ఇనపడల్యా. గట్టిగా.

… ఆ. ఇప్పుడు ఇనపడింది.

అయితే బేస్తవారం రా. కూలి ఇచ్చే పొద్దుకు రా, అందరూ ఉంటారు. గిడ్డమ్మను కిటికీ కాడ్నే నిలబెడతా. పంతులు ఎట్ల నడిచి వస్తాడో సూసుకోనీ.

… ఇంగేం లేదు. పెట్టేస్తాండా.